సిస్టం ఆన్ కావట్లేదా? ఆటో ఎక్కించే ముందు ఇవి చూడండి

అనంతపురం, తాడిపత్రి, గుత్తి వైపు కస్టమర్లకు ఒక మాట. "ఆన్ కావట్లేదు" అని తెచ్చే డెస్క్‌టాప్‌లకు ఈ నెల నుంచి చెకింగ్ ఛార్జీ తీసుకోము, పార్టు మారిస్తేనే బిల్లు. చాలావాటికి పార్టే అక్కర్లేదు. అవి కౌంటర్ మీద పేరుకుపోయి, నిజంగా రిపేరున్నవి ఆలస్యమవుతున్నాయి. అందుకే ఇంట్లో చూసుకోదగ్గవి రాస్తున్నాం.

ముందు ఒకటి తేల్చుకోండి. పవరే రావట్లేదా, పవర్ వచ్చి డిస్‌ప్లే రావట్లేదా? ఫోన్లో మేం మొదట అడిగేదీ ఇదే.

ఫ్యాను, లైటు ఏదీ లేకపోతే యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి. పవర్ కార్డు మార్చి చూడండి, చాలా మానిటర్లకు ఉండేదీ అదే రకం. వెనక ఎస్‌ఎంపీఎస్ (సీపీయూకి కరెంటు అందించే డబ్బా) స్విచ్ గీత గుర్తు వైపు ఉండాలి, సున్నా వైపు కాదు. బోరు మోటారు వేసినప్పుడల్లా సిస్టం ఆగిపోతోందంటే యూపీఎస్ బ్యాటరీని అనుమానించండి, సీపీయూని కాదు.

అయినా రాకపోతే ఎస్‌ఎంపీఎస్ టెస్ట్ ఉంది, చేయి తిరిగినవాళ్లే చేయాలి. కరెంటు తీసేసి, మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టరు, మిగతా కనెక్షన్లు ఊడదీసి, ఒక ఫ్యాను మాత్రం తగిలించండి. ఆ 24 పిన్నుల కనెక్టరులోని ఆకుపచ్చ వైరును ఏదైనా నల్ల వైరుతో చిన్న తీగతో కలిపి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వండి. ఫ్యాను తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు. మల్టీమీటరులో పసుపు వైరు 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు 4.75 నుంచి 5.25 చూపాలి. డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జి ఉంటుంది.

కొత్తది కొనేటప్పుడు పైన పెద్దగా రాసిన "450 వాట్స్" చూసి మోసపోకండి. లేబుల్‌లో 12 వోల్టుల కింద ఆంపియర్లు చూడండి. 16 ఉంటే ఆ లైను ఇచ్చేది 192 వాట్లే. బిల్లింగ్ సిస్టంకు చాలు, గ్రాఫిక్స్ కార్డుకు చాలదు.

ఇక ఫ్యాను తిరుగుతూ డిస్‌ప్లే రానివి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టాలి, బోర్డుకు కాదు. ఆ తర్వాత ర్యామ్, అంటే బోర్డు స్లాట్‌లో గుచ్చి ఉండే మెమరీ పట్టీ. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల నుంచి వచ్చే సీపీయూల్లో తెల్లటి పొడి పౌడరు చల్లినట్టు స్లాట్ లోపలిదాకా ఉంటుంది. ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండు పక్కల క్లిప్పులు తెరిచి ర్యామ్ తీసి, బంగారు రంగు పిన్నులను పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. ఉప్పుకాగితం వద్దు, పూత పోతుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా చూసి, స్లాట్‌ను మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. టక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే పోయినదేదో తెలుస్తుంది. డీడీఆర్5 (కొత్త రకం ర్యామ్) బోర్డుల్లో ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు, తొందరపడి ఆపేయకండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, శుభ్రం చేయకుండా కొత్తది కొనొద్దు.

లోగో వచ్చి "బూట్ డివైస్ లేదు" అంటే చాలామంది నేరుగా ఫార్మాట్ కొట్టించేస్తున్నారు. ఆగండి. ముందు హార్డ్‌డిస్క్ కేబుళ్లు రెండువైపులా నొక్కండి. గడియారం వెనక్కి పోయి ఉంటే బోర్డు మీది సీఆర్2032 సెల్లు అయిపోయినట్టే. సెల్లు అయిపోతే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తాయి, పాత సిస్టంలలో లెగసీ, యూఈఎఫ్‌ఐ అనే రెండు బూట్ పద్ధతుల్లో ముందున్న మోడ్ మారిపోయి విండోస్ దొరకదు. సెల్లు మార్చి ఆ మోడ్ తిరిగి పెడితే ట్యాలీ డేటాతో సహా అన్నీ వచ్చేస్తాయి. ఫార్మాట్ చేస్తే అవే పోతాయి.

కాలిన వాసన వచ్చినా, బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బినా మళ్లీ ఆన్ చేయకుండా తెచ్చేయండి. చిప్ లెవెల్ పని (బోర్డు మీది చిప్పులు, చిన్న భాగాలు మార్చడం) మేం చేయం, బెంగళూరుకు పంపుతాం, వారం పడుతుంది. ఆరేడేళ్లు దాటిన బోర్డయితే ఆ ఖర్చు దండగని ముందే చెప్తాం. మార్చిన పాత పార్టు మీకే ఇస్తాం.

తెచ్చేటప్పుడు సీపీయూ ఒక్కటి చాలు, మానిటర్ అక్కర్లేదు. తెరమీద ఏమైనా వస్తే ఫోన్లో ఫోటో తీసుకోండి. డేటా ముఖ్యమైతే ఇచ్చేటప్పుడే చెప్పండి, చీటీ మీద రాసి డిస్క్‌కు అతికిస్తాం.