మన షెడ్డులో ఇకనుంచి స్ట్రెయిట్ పైప్ వెయ్యం: ఎందుకో, పాత బండ్లకు ఏం చేస్తామో

కస్టమర్లందరికీ నమస్కారం.

బెంగళూరు హూడిలో పన్నెండేళ్లుగా సైలెన్సర్ పనే చేస్తున్నాను. మీలో ఎక్కువమంది మారతహళ్లి, కుందలహళ్లి, సర్జాపూర్ రోడ్డు వైపు ఉండే మన తెలుగువాళ్లే. అనంతపురం, కడప నుంచి బండేసుకుని వచ్చి రెండ్రోజులుండి పని చేయించుకుని పోయినవాళ్లూ ఉన్నారు. ఈ మాట ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కుదరదు, అందుకే రాస్తున్నాను. రోడ్డు మీద తిరిగే బండికి క్యాట్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) తీసెయ్యడం, స్ట్రెయిట్ పైప్ (మోత తగ్గించే భాగాలేవీ లేని ఖాళీ గొట్టం) వెయ్యడం ఈ నెల నుంచి మానేశాం. డబ్బులు ఎక్కువిస్తామన్నా చెయ్యం. ఇంతకుముందు మేం తీసినవి తిరిగి బిగించి ఇస్తాం, దానికి కూలి తీసుకోం.

రెండు నెలల కిందట ఒకాయన తన ఆరు సిలిండర్ల బీఎండబ్ల్యూ తీసుకొచ్చారు. పోయిన ఏడాది మేమే చేసిన బండి. ఇంజిన్ నుంచి కిందికి దిగే డౌన్‌పైప్‌లో క్యాట్ లేదు, మధ్యలో గుయ్‌మనే మోతను ఆపే రెసొనేటర్ లేదు, వెనక మఫ్లర్ (సైలెన్సర్ డబ్బా) ఉండాల్సిన చోట ఖాళీ గొట్టం. చేసిన రోజు అందరం చుట్టూ నిలబడి ఫోన్లలో రికార్డు చేసుకున్నాం. ఈసారి ఆయన వచ్చింది మోత తగ్గించమని. ఏమైంది సార్ అంటే వెనక సీటు చూపించారు. నాలుగేళ్ల పాప కూర్చుని ఉంది. ఆయన స్టార్ట్ బటన్ మీదికి వేలు తీసుకెళ్తుండగానే రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని తల వంచేసింది. ఏడవలేదు, ఏమీ అనలేదు. ఆ బిడ్డకు అది అలవాటైపోయింది. అలవాటు చేసింది నా చేతి పని. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అప్పటినుంచి షెడ్డుకొచ్చిన ప్రతి బండినీ బయట నిలబడి వినడం మొదలుపెట్టాను. అద్దాలెత్తుకుని లోపల కూర్చున్నవాళ్లకు వినిపించేది వేరు, గొట్టం వెనకున్నవాళ్లకు వినిపించేది వేరు. మారతహళ్లి బ్రిడ్జి కింద సిగ్నల్ పడితే మన గొట్టానికి ఆనుకుని ఆగేది స్కూటీ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లి. మీటర్లో 10 డెసిబెల్స్ పెరిగిందంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. శబ్దశక్తి పదింతలైందని దానర్థం, చెవికి దాదాపు రెట్టింపు వినిపిస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంకా ఘోరం. చల్లని ఇంజిన్ మొదటి నిమిషం ఎందుకంత గట్టిగా అరుస్తుందని మీలో చాలామంది అడిగారు. క్యాట్ పని చెయ్యాలంటే అది దాదాపు 250, 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. దాన్ని త్వరగా వేడెక్కించడానికి బండిలోని కంప్యూటర్ ఐడిల్ (ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచి, స్పార్క్ ఆలస్యంగా ఇచ్చి, మండే గ్యాసును గొట్టంలోకి పంపిస్తుంది. మేం క్యాట్ తీసేశాక కూడా చాలా బండ్లు ఆ పని మానవు. లేని వస్తువును వేడి చేస్తూ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ మొత్తం అదరగొడుతుంటాయి. నంది హిల్స్‌కని తెల్లారుజామున ఐదింటికి మీరు బండి తీస్తే పైన ఎన్ని ఇళ్లు లేస్తాయో ఆలోచించండి.

ఇంకోటి ఒప్పుకోవాలి. "గొట్టంలో తెరిచి మూసే వాల్వ్ వేయించుకోండి సార్, మూసుంటే ఎవరూ ఏమీ అనరు" అని నేనే చాలామందికి చెప్పాను. తప్పు చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన లెక్కకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే మొదటిసారే 10,000 దాకా జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సు పోతుంది. జైలు కూడా రాసి ఉంది. వాల్వ్ మూసుకుంటే మోత తగ్గుతుంది గానీ మార్చిన బండి మార్చినట్టే. పోలీసులు ఆపినప్పుడు చేతిలో చలానాతో నిలబడేది మీరు, నేను కాదు. అది ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. క్షమించండి.

క్యాట్ లేని బండి పక్కన నిలబడితే ముక్కుకు తగిలే ఘాటు మీకు తెలుసు. మా వెల్డర్ తమ్ముడు పన్నెండేళ్లుగా రోజంతా ఆ గాలే పీలుస్తున్నాడు.

మరి మంచి సౌండ్ కావాలనేవాళ్ల సంగతేంటి? నాకూ ఇంజిన్ సౌండంటే ప్రాణం. మస్టాంగ్ వీ8లో (రెండు వైపులా నాలుగేసి సిలిండర్లుండే ఇంజిన్) ఒక్కో వైపు సిలిండర్లు సమాన వ్యవధిలో పేలవు, ఆ గరగర అక్కడినుంచే వస్తుంది. వరసగా ఆరు సిలిండర్లున్న ఇంజిన్ క్రాంక్ 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా లెక్క తప్పకుండా పేలుతుంది, అందుకే పైకి పోయేకొద్దీ తీగ లాగినట్టు పాడుతుంది. ఈ గొంతు ఇంజిన్ పుట్టుకలోనే ఉంది. గొట్టం ఖాళీ చేస్తే గొంతు మారదు, కేకలు పెరుగుతాయంతే.

ఆ బీఎండబ్ల్యూకి క్యాట్, మఫ్లర్ తిరిగి పెట్టాం. రెసొనేటర్‌కు బదులు ఒక పక్క గొట్టం కలిపాం. హైవేలో 1,800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర తల దిమ్మెక్కించే గుయ్‌మనే మోత దాని పెద్ద బాధ. ఆ ఆర్‌పీఎంలో ఆరు సిలిండర్లు సెకనుకు 90 సార్లు పేలతాయి. ఆ 90 హెర్ట్జ్ అలలో పావు వంతు పొడవున్న గొట్టాన్ని చివర మూసేసి మెయిన్ పైపుకు అతికిస్తే, అందులోకి పోయి తిరిగొచ్చే అల వచ్చే అలకు సరిగ్గా ఎదురుపడి దాన్ని చంపేస్తుంది. వేడి గ్యాసులో ధ్వని వేగం ఎక్కువ కాబట్టి లెక్కకు నాలుగడుగుల పైచిలుకు వచ్చింది. మొదట కాస్త పొడుగ్గా పెట్టి, అరంగుళం చొప్పున కోస్తూ, ప్రతిసారీ హైవే దాకా పోయొచ్చాం. నాలుగో కోతకు మోత పోయింది. పైన 5,000 దగ్గర ఆ పాట మాత్రం అలాగే ఉంది. ఆయన నవ్వుతూ దిగారు. పాప ఆరోజు రాలేదు.

ఇక మా పద్ధతి ఇది. బండి రాగానే కంపెనీ సైలెన్సర్‌తోనే ఐఎస్‌ఓ 5130 (ఆగి ఉన్న బండి మోత కొలిచే అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతిలో కొలుస్తాం: గొట్టం చివరినుంచి అర మీటరు దూరం, 45 డిగ్రీల కోణం. పని అయ్యాక మళ్లీ కొలుస్తాం. మొదటి అంకె దాటితే బండి గేటు దాటదు. రెండు అంకెలూ బిల్లు మీద రాసిస్తాం. అంకె దాటకపోయినా, మార్పు మార్పే అని చట్టం అనొచ్చు. ఆ మాట కూడా బిల్లు మీదే ఉంటుంది, చదివి నిర్ణయించుకోండి. ఇంధనాన్ని గొట్టంలో కాల్చి పటాసుల్లా పేలించే ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగు) ఇక ఏ రోడ్డు బండికీ వెయ్యం, అది క్యాట్‌ను కూడా తినేస్తుంది. ట్రాక్ కోసమే ఉంచుకున్న బండిని ట్రైలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు తీసుకెళ్లేవాళ్లకు మాత్రం వేరే మాట్లాడదాం.

పాత కస్టమర్లకు: మీరు మా దగ్గరే వదిలేసిన క్యాట్‌లు అమ్ముకోలేదు. బండి నంబరు రాసిన చీటీ కట్టి ర్యాక్‌లో ఉంచాను, పదకొండున్నాయి. లోపలుండే ప్లాటినం, పల్లాడియం, రోడియం కోసం స్క్రాప్ వాళ్లు చాలాసార్లు అడిగారు, ఇవ్వలేదు. ఇంటికి తీసుకెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు తెచ్చుకోండి. ఎక్కడో అమ్మేసినవాళ్లకు కొత్తది నేను కొన్న ధరకే ఇస్తాను. స్టేజ్ 2 ఫైల్ (పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లో వేసే ప్రోగ్రాం) వేయించుకున్నవాళ్లు మాత్రం మర్చిపోవద్దు, క్యాట్ పెట్టించుకుంటే సరిపోదు, ఫైల్ కూడా వెనక్కి మార్చాలి. ఆ ఫైల్‌లో క్యాట్ పనిచేస్తోందో లేదో చూసే వెనక ఆక్సిజన్ సెన్సర్ కాపలా ఆపేసి ఉంటుంది. రేపు క్యాట్ పాడైనా చెక్ ఇంజిన్ లైటు వెలగదు.

ఈ నిర్ణయంతో నా నెల రాబడిలో దాదాపు సగం పోతుంది. అందుకే మిగతా పనుల ధర కొంచెం పెంచాల్సి వచ్చింది, కొత్త రేట్లు షెడ్డు గోడ మీద రాసిపెట్టాను. వేరే షెడ్డుకు పోతామనేవాళ్ల మీద నాకు కోపం లేదు.

బుధ, గురువారాలు పూర్తిగా తిరిగి బిగించే పనికే కేటాయించాం. రోజుకు రెండు బండ్లే పడతాయి, ముందు ఫోన్ చేసి రండి. బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే బండి వదిలిపెడితే చల్లారాక తేలిగ్గా విప్పొచ్చు.