బందరు రోడ్డు చివర ఏముంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

మన పిల్లల్లో సగం మంది రోజూ విజయవాడలోని బందరు రోడ్డు దాటి బడికి వస్తారు. పోయిన నెల ఎనిమిదో తరగతిలో, ఆ రోడ్డుకు ఆ పేరెందుకు వచ్చిందని అడిగాను. "అక్కడ బందరు లడ్డూలు అమ్ముతారు కదా సార్" అన్నాడొక అబ్బాయి. నవ్వులయ్యాక, బందరు, అంటే మచిలీపట్నం, చూసినవాళ్లు చేతులెత్తమన్నాను. నలభై మందిలో ఆరు చేతులు లేచాయి. ఊరేమో సుమారు 70 కిలోమీటర్ల దూరం!

ఫిబ్రవరి రెండో శనివారం ఎనిమిది, తొమ్మిది తరగతులను మచిలీపట్నం తీసుకువెళ్తున్నాం. వినోదాల పార్కుకు వెళ్దామని కొందరు అడిగారు. అక్కడికి మీరెలాగూ తీసుకువెళ్తారు. పాడుబడ్డ కోటకు తీసుకువెళ్లేది బడి ఒక్కటే.

పోయిన ఆదివారం ఇద్దరు ఉపాధ్యాయులతో కలిసి వెళ్లి చూసి వచ్చాను. బందరు కోట అనగానే కొండపల్లిలాగా కొండ, బురుజులు ఊహించుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. చదును నేల, బురద, తుప్పలు, పాత గంట గోపురం, కూలగా మిగిలిన గోడలు. ఆ బురదకే ఒక కథ ఉంది. 1750లో ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చిన ఈ కోట చుట్టూ చిత్తడి నేల ఉండేది. అదే తమకు కాపలా అనుకున్నారు వాళ్లు. 1759 ఏప్రిల్‌లో ఒక అర్ధరాత్రి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున కర్నల్ ఫోర్డ్ సేన దాడి చేసింది. అందులో ఒక దళం ఆ బురదలో నుంచే వచ్చింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్లకంటే ఎక్కువ మంది! మరుసటి నెలలోనే నిజాం సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. మన జిల్లాల్లో కంపెనీ పాలన అక్కడే మొదలైంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న సంగతి, బురదలో చెప్పు ఇరుక్కున్నప్పుడు బాగా అర్థమవుతుంది. నా చెప్పు ఇరుక్కుంది కనుక చెబుతున్నాను.

ఊళ్లో డచ్చివాళ్ల సమాధులున్నాయి. 17వ శతాబ్దపు రాళ్లు. ఒక రాయి మీద వంశచిహ్నం ఎంత లోతుగా చెక్కారంటే, గీతల్లో వాననీరు నిలిచి చీమలు తాగుతున్నాయి. మా సాంఘిక శాస్త్రం టీచరుగారు అక్కడి నుంచి కదలలేదు. పేటల పేర్లు కూడా పిల్లల చేత చదివిస్తాం: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. కోట పోయినా పేర్లు మాత్రం ఇప్పటికీ ఇంటి చిరునామాల్లో ఉన్నాయి.

మధ్యాహ్నం మంగినపూడి తీరానికి వెళ్తాం. అక్కడ ఇసుక బదులు నల్లమట్టి ఉంటుంది. తెల్ల మేజోళ్లు వేసి పంపితే ఇంటికి తెల్లగా తిరిగి రావు. నీళ్లలోకి మోకాలి లోతు దాటి ఎవరినీ వెళ్లనివ్వం. దీనిలో బతిమాలుటలకు చోటు లేదు.

నవంబరులోనే ఎందుకు వెళ్లలేదని ఒక తల్లి అడిగారు. అది ఈ తీరానికి తుఫాన్ల కాలం. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది, దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. మీ ఇళ్లలో తాతయ్యలు, అమ్మమ్మలు ఆ రాత్రి సంగతి ఎరిగి ఉంటే, యాత్రకు ముందే పిల్లలకు చెప్పమనండి. వాళ్లు అది రాసుకు వస్తే తరగతిలో చదివిస్తాను.

నిరుడు ఒక కోటలో మన పిల్లలిద్దరు గోడ మీద పేర్లు గీకారు. ఈసారి మేకులు, సుద్దముక్కలు, మార్కర్లు సంచుల్లో ఉండకూడదు. బస్సెక్కే ముందు చూస్తాం.

బస్సు ఉదయం ఆరున్నరకు బయలుదేరుతుంది. పులిహోర లేదా పెరుగన్నం, రెండు సీసాల మంచినీళ్లు, టోపీ, తడిసినా ఫరవాలేని చెప్పులు పంపండి. ఫోన్లు వద్దు. అంగీకార పత్రం జనవరి నెలాఖరులోగా తరగతి ఉపాధ్యాయులకు అందాలి. లడ్డూలు తిరుగు ప్రయాణంలో మేమే కొనిపెడతాం, మనిషికి రెండు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు