మీరు ‘పరిష్కరించిన’ నా ఫిర్యాదు గురించి

తిరుపతి,
సెప్టెంబరు 10.

వినియోగదారుల సేవా విభాగపు ప్రధానాధికారి గారికి,

విషయం: పరుగు గడియారం మరమ్మతు కోసం నేను పెట్టిన ఫిర్యాదుపై మీ సంస్థ చూపిన నిర్లక్ష్యం.

అయ్యా,

మీ గడియారంలో వచ్చిన లోపాన్ని రెండు మాటల్లో చెప్పి ముగిస్తాను. మీ సంస్థ నాతో వ్యవహరించిన తీరును మాత్రం అంత క్లుప్తంగా చెప్పడం నా వల్ల కాదు. వేసవిలో మీరు పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిన నాటి నుంచి, గంట దాటిన ప్రతి పరుగులోనూ గడియారం తెర బిగుసుకుపోతోంది, దూరం కొలవడం ఆగిపోతోంది, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే అప్పటిదాకా పరిగెత్తిన లెక్కంతా మాయమవుతోంది. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది, అందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. వారంటీ గడువులో ఉన్న వస్తువు చెడిందని మర్యాదగా చెప్పుకున్న మనిషిని వేసవి నుంచి వానాకాలం దాకా గుమ్మం బయటే నిలబెట్టారే, దానికే నాకు ఒళ్ళు మండుతోంది.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. పతకాల కోసం పరిగెత్తే వయసు దాటినవాణ్ణి. అయినా ఆగస్టులో హైదరాబాదులో జరిగే ఫుల్ మారథాన్ కోసం ఈ ఏడాది వేసవి సెలవులన్నీ ధారపోశాను. తిరుపతి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో సాధన అంటే తెల్లవారుజామున నాలుగింటికే రోడ్డెక్కాలి. ఏడు దాటితే రోడ్డు మీద నిలబడటమే కష్టం. ఆదివారాలు అలిపిరి నుంచి జూపార్కు మీదుగా శ్రీనివాస మంగాపురం దాకా వెళ్ళి తిరిగి రావడం, వారం మధ్యలో ఒకరోజు కాళ్ళకు బలం రావడానికి అలిపిరి నడకదారిలో 3,550 మెట్లూ ఎక్కడం, ఇదీ నా సాధన. మీ గడియారం పని ఇందులో చిన్నదే గానీ అది లేకపోతే జరగదు. 42.195 కిలోమీటర్లను నాలుగున్నర గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు సుమారు ఆరు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లకు మించి పట్టకూడదు. మొదట్లో ఉత్సాహం కొద్దీ అంతకన్నా వేగంగా వెళితే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే పరుగుకు ఇంధనమయ్యే పిండిపదార్థం, ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది, ఆ తర్వాత మిగిలేది నడకే. ఆ తొందరను అదుపు చేసుకోవడానికే నేను మీ గడియారం కొన్నాను.

ఇక మీ సేవా విభాగం సంగతికి వస్తాను. మీ నంబరుకు ఫోను చేస్తే తెలుగు కోసం నాలుగు నొక్కమంటుంది. నొక్కాను. చాలాసేపు సంగీతం విన్న తర్వాత ఒక అబ్బాయి వచ్చి హిందీలో పలకరించాడు. తెలుగు ఎంచుకున్నాను కదా అంటే, తెలుగు మాట్లాడేవారు ఈరోజు సెలవులో ఉన్నారని చెప్పాడు. ఆ తర్వాత నేను ఎప్పుడు ఫోను చేసినా ఆ వ్యక్తి సెలవులోనే ఉన్నారు. వారి ఆరోగ్యం బాగానే ఉందని ఆశిస్తున్నాను. నాకు వచ్చిన హిందీలోనే సమస్య వివరించాను. అంతా విని ఆ అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న, “సార్, గడియారానికి నీళ్ళు గానీ చెమట గానీ తగిలాయా?” అని. మారథాన్ పరిగెత్తేవారి కోసం తయారుచేశామని పెట్టె మీద మీరే అచ్చు వేసిన వస్తువుకు చెమట తగిలిందా అన్న ప్రశ్నకు, అదీ మే నెలలో తిరుపతిలో ఉన్నవాడు, ఏం జవాబు చెప్పాలో దయచేసి మీరే సెలవియ్యండి. తగిలిందన్నాను. దాన్ని శ్రద్ధగా రాసుకున్నట్టు కీబోర్డు చప్పుడు వినిపించింది.

అప్పటి నుంచి మొదలైంది నా ప్రదక్షిణ. గడియారాన్ని ఆపి ఆన్ చేయమన్నారు, చేశాను. ఫోను నుంచి విడదీసి మళ్ళీ జతచేయమన్నారు, చేశాను. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే కచ్చితంగా బాగవుతుందన్నారు; చేస్తే నా పాత పరుగుల వివరాలు కొన్ని తుడిచిపెట్టుకుపోయాయి గానీ జబ్బు అలాగే ఉంది. ప్రతిసారీ కొత్త మనిషి ఫోనెత్తేవారు, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పమనేవారు, అంతా విన్నాక ప్రతిసారీ గడియారాన్ని ఆపి ఆన్ చేయమనేవారు. ఒకాయన మాత్రం కొంచెం భిన్నంగా ఆలోచించి, “గంట లోపు పరుగుల్లో బాగానే పనిచేస్తోంది కదా సార్, అలాగే వాడుకోండి” అని పరిష్కారం సూచించారు. మారథాన్‌ను గంట లోపు ఎలా ముగించాలో కూడా ఆయనే చెప్పి ఉంటే ప్రపంచ రికార్డు ఈపాటికి మన జిల్లాకు వచ్చి ఉండేది.

మీ సిబ్బందిలో నాతో ఎంతో ఆప్యాయంగా, ఎక్కువసేపు మాట్లాడినది ఒక అమ్మాయి. నా చిరునామాలో తిరుపతి అని చూడగానే ఆమె గొంతే మారిపోయింది. కొండమీద రద్దీ ఎలా ఉంది, మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు దొరకకపోతే ఏం చేయాలి, పసిపిల్లతో వచ్చేవారు ఏ దారిలో వెళితే మంచిది అని వరసగా అడిగింది. తిరుపతివాళ్ళం ఇలాంటి ప్రశ్నలకు అలవాటుపడినవాళ్ళమే. ఏ ఊరు వెళ్ళినా కులాసా ప్రశ్నల కన్నా ముందు దర్శనం ప్రశ్నే వస్తుంది. నేనూ ఓపిగ్గా నాకు తెలిసినంత చెప్పాను. చివరకు నా గడియారం సంగతి ఎత్తగానే లైను కట్టయింది. సాయంత్రానికి నా ఫోనుకు వచ్చిన సందేశం: ‘మీ సమస్యను సంతృప్తికరంగా పరిష్కరించి ఫిర్యాదును ముగించాం.’ ఆమెకు దర్శనం బాగా జరిగి ఉంటే సంతోషమే. అయితే ఆ రోజు పరిష్కారమైనది ఎవరి సమస్యో మీ రికార్డుల్లో సరిచేసుకోండి.

ఫిర్యాదు మళ్ళీ తెరిపించడానికి నేను పడిన పాట్లు వదిలేస్తాను. తెరిచాక మీవాళ్ళు కొత్త మెలిక పెట్టారు: లోపాన్ని వీడియో తీసి పంపితేనే ముందుకు కదులుతామన్నారు. గంటకు పైగా పరిగెత్తితే గానీ బయటపడని లోపాన్ని వీడియో ఎలా తీయాలని అడిగితే, అది వినియోగదారు బాధ్యత అన్నారు. సరేనని ఒక ఆదివారం మా బావమరిది స్కూటరు నడుపుతుంటే, మా అబ్బాయి వెనక్కి తిరిగి కూర్చుని ఫోను పట్టుకుంటే, వాళ్ళ వెనకే నేను జూపార్కు రోడ్డులో పరిగెత్తాను. ఆ దారిలో చిరుత కనిపించిందన్న కబురు అంతకు ముందే ఉండటంతో బాగా తెల్లవారాక బయలుదేరాం, దాంతో ఎండ నెత్తిమీదికి వచ్చింది. వాకింగుకు వచ్చిన పెద్దమనుషులు ఎవరో సినిమా తీస్తున్నారనుకుని ఆగి చూశారు. స్కూటరు అంత నెమ్మదిగా నడపలేక మా బావమరిది రెండు కాళ్ళూ నేలకు ఆనిస్తూ వచ్చాడు. చివరకు పదకొండో కిలోమీటరు దాటాక గడియారం మీ మాట దక్కించకుండా, నా మాట దక్కిస్తూ, టక్కున ఆగిపోయింది. తెర మీద సెకన్ల అంకె కదలకుండా నిలిచిపోవడం, నేను బొత్తాం ఎన్నిసార్లు నొక్కినా చలనం లేకపోవడం స్పష్టంగా వీడియోలో పడింది. గెలిచినంత సంతోషంతో పంపాను.

మర్నాడు జవాబు వచ్చింది. ఫైలు సైజు ఎక్కువగా ఉన్నందున తెరవలేకపోయామని, నిమిషానికి మించని వీడియో పంపమని దాని సారాంశం. చివరి నిమిషం మాత్రం కత్తిరించి పంపాను. దానికి వచ్చిన జవాబును మా తొమ్మిదో తరగతి పిల్లలకు చూపిస్తే వాళ్ళు కూడా నవ్వుతారు: గంటసేపు నడిచిన తర్వాతే గడియారం ఆగిందనడానికి ఈ ఒక్క నిమిషం వీడియోలో ఆధారం లేదట. గంట చూపిస్తే పెద్దదైంది, నిమిషం చూపిస్తే చిన్నదైంది. లెక్కల మాస్టారిగా నా సర్వీసులో ఇంత చక్కగా కుదిరిన చిక్కు ప్రశ్నను నేను ఏ ప్రశ్నపత్రంలోనూ ఇవ్వలేకపోయాను.

ఆ మీదట, మా ఊళ్ళో సేవా కేంద్రం లేదు కాబట్టి కొరియరు ద్వారా గడియారాన్ని తీసుకెళతామన్నారు. ఎదురుచూశాను. ఎవరూ రాలేదు గానీ ‘మీరు ఇంట్లో లేనందున మా ప్రతినిధి తిరిగి వెళ్ళారు’ అన్న సందేశం వచ్చింది. నేను ఇంట్లోనే, వీధి గదిలోనే కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. ఆరా తీస్తే తేలిందేమిటంటే, మీ ప్రతినిధి తమిళనాడులోని తిరుపత్తూరులో నా కోసం వెతికారట. 517తో మొదలయ్యే పిన్‌కోడ్ ముందర పెట్టుకుని ఆ ఊరికి ఎలా వెళ్ళారో ఆ స్వామికే ఎరుక. సరిచేయమని రాశాను, సరిచేశామని జవాబిచ్చారు, తర్వాతి సందేశం కూడా తిరుపత్తూరు నుంచే వచ్చింది. చివరికి మీ ఉద్యోగి ఒకరు విసుగ్గా, “మీరే చెన్నై వచ్చి ఇచ్చి వెళ్ళొచ్చు కదా సార్” అన్నారు. వస్తువు అమ్మేటప్పుడు మా వీధి చివరి మలుపు దాకా తెలిసిన సంస్థకు, బాగుచేయాల్సి వచ్చేసరికి జిల్లా కేంద్రం ఎక్కడుందో తెలియకుండా పోయింది.

పై అధికారితో మాట్లాడించమని కోరితే ఇరవై నాలుగు గంటల్లో వారే ఫోను చేస్తారన్నారు. మీ సంస్థ నుంచి ఫోను వచ్చిన మాట నిజమే. నా గడియారం వారంటీ త్వరలో ముగుస్తోందని, మరో ఏడాదికి పొడిగించుకుంటే రాయితీ ఇస్తామని చెప్పడానికి చేశారు! వారంటీ ఉన్నప్పుడు దక్కినది ఇదైతే, పొడిగించుకుంటే ఇంకా ఏం దక్కుతుందో ఆ ఫోను చేసిన అమ్మాయి వివరించలేకపోయింది.

ఈలోగా ఆగస్టు రానే వచ్చింది. హైదరాబాదు పీపుల్స్ ప్లాజాలో, తెల్లవారకముందే, పోటీ నంబరున్న బిబ్ గుండెకు గుచ్చుకుని వేలమంది మధ్య నిలబడి ఉండగా జేబులో ఫోను మోగింది. మీ సందేశమే. ‘మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైంది. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని. నా చేతికి మా ఆవిడ పాత ముళ్ళ గడియారం ఉంది. దాన్ని చూసుకుంటూ, దారి పక్కన పెట్టిన కిలోమీటరు బోర్డుల దగ్గర మనసులో భాగహారాలు చేసుకుంటూ, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి దాకా చేరాను. నాలుగున్నర గంటలు అనుకున్నది ఐదు గంటలకు దగ్గరపడింది. పరుగన్నాక ఎన్నో కారణాలుంటాయి, అదంతా మీ ఖాతాలో రాయను. కానీ ఆ నక్షత్రాల సందేశాన్ని మాత్రం నేను మరచిపోలేకపోతున్నాను.

నేను మీకు కొత్తవాణ్ణి కూడా కాదు. మీ సంస్థ పేరు ఇక్కడ ఎవరికీ తెలియని రోజుల్లో మీ మొదటి గడియారం కొన్నాను, అది పాతబడితే ఇది కొన్నాను. ఉదయం విశ్వవిద్యాలయం మైదానంలో మాతో పరిగెత్తే వారిలో ఎవరు గడియారం కొనాలనుకున్నా నన్నే అడిగేవారు, నేను మీ పేరే చెప్పేవాణ్ణి. మా బడి వ్యాయామోపాధ్యాయులు నా మాట మీదే కొన్నారు. పైసా తీసుకోకుండా మీకు ప్రచారం చేసిపెట్టాను. ఇప్పుడు వారందరూ నా మణికట్టు మీద ముళ్ళ గడియారం చూసి కారణం అడుగుతున్నారు, నేను దాచకుండా చెబుతున్నాను. మీ సంస్థ మాత్రం ఇప్పటికీ రోజూ ఉదయం ‘మా కుటుంబ సభ్యుడా’ అంటూ రాయితీల సందేశాలు పంపుతూనే ఉంది. కుటుంబంలో ఒకడు ఇన్నాళ్ళుగా పిలుస్తుంటే పలకని కుటుంబాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

నేను ఈ గడియారం మీ సొంత వెబ్‌సైట్లోనే కొన్నాను. ఆన్‌లైన్లో అమ్మే సంస్థలకు ప్రభుత్వం 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదుల పరిష్కారానికి ఒక అధికారి ఉండాలి, ఆయన ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ అధికారి పేరు, ఫోను నంబరు మీ వెబ్‌సైట్లో వెతికితే ఒక ఈమెయిల్ చిరునామా దొరికింది. దానికి రాస్తే ‘ఈ చిరునామాకు జవాబులు పంపవద్దు’ అన్న యాంత్రిక జవాబు వచ్చింది.

కాబట్టి ఇదే నా ఆఖరి ఉత్తరం. ఈ నెలాఖరులోగా మీ సంస్థలో పేరూ హోదా ఉన్న మనిషి ఒకరు, ఆపి ఆన్ చేయమని చెప్పకుండా, నా ఫిర్యాదు మొత్తం చదివి సంతకంతో జవాబు రాయాలి. గడియారం మారుస్తారో, డబ్బు వాపసు ఇస్తారో ఆ జవాబులోనే తేల్చాలి. రెంటిలో ఏదైనా నాకు సమ్మతమే. ముగియని ఫిర్యాదును ముగిసిందని ఎవరు, ఏ ఆధారంతో నమోదు చేశారో కూడా అందులో వివరించాలి. లేని పక్షంలో ముందుగా 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేసి, అటుపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా కట్టనక్కరలేదు. చెన్నై రమ్మని మీరు నాకు సలహా ఇచ్చారు కదా, అప్పుడు మీరే మా ఊరు రావలసి ఉంటుంది. మీరు పంపిన ప్రతి సందేశాన్నీ, తిరుపత్తూరువాటితో సహా, తేదీలవారీగా ముద్రించి ఉంచాను. పూర్తి నిడివి వీడియో కూడా భద్రంగా ఉంది. కమిషన్‌లో దాన్ని మొదటి నుంచి చివరిదాకా వేయమని కోరతాను.

ఇట్లు,
మీ గడియారం కొన్న లెక్కల ఉపాధ్యాయుడు,
తిరుపతి.

జతపరచినవి: కొనుగోలు రసీదు, వారంటీ పత్రం, ‘పరిష్కారమైంది’ అని వచ్చిన సందేశాల నకళ్ళు.