చేవదేరే దాకా చెట్టును ఉంచుకోనివ్వండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో మూడెకరాల మెట్ట, దాని గట్ల మీద కొన్ని టేకు చెట్లు ఉన్న రైతుగా ఈ లేఖ రాస్తున్నాను. మా తీరంలోని ఇసుక నేలల్లో సరుగుడు, మెట్ట చేలలో జామాయిల్ వేసినవారు నాలుగైదేళ్లకే నరికి అమ్ముకుంటున్నారు. అది ఆత్రం కాదు, ఆ చెట్లకు అనుమతుల బెడద లేదు. టేకును పాతికేళ్లు పెంచి కలపగా అమ్మదలచిన రైతు మాత్రం, తన పట్టా భూమిలో తానే నాటిన చెట్టును కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద ఒక అనుమతి, దుంగను ఊరు దాటించడానికి మరో పర్మిట్ తెచ్చుకోవాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, మా నాన్నగారు నాటిన పదకొండు టేకు చెట్లు కూలిపోయాయి. ఉద్దానం జీడి, కొబ్బరి తోటల నష్టం ముందు ఇదెంత అని మేమూ నోరెత్తలేదు. అయితే పర్మిట్ కోసం తిరిగినన్నాళ్లూ ఆ మానులు వానకు నాని చెదపట్టాయి. బెరడు కింది తెల్లచెక్క గోటితో గీకితే పొడిగా రాలింది. లోపలి గట్టి చెక్క, అంటే చేవ, నిక్షేపంగానే ఉంది. బేరగాడు ఆ తెల్లచెక్కనే చూపించి, టేపైనా పెట్టకుండా, అన్నింటికీ కలిపి వంటచెరకు ధర కట్టాడు.

మేము కోరేది ఒక్కటే. నాటిన ఏడాదే చెట్ల జాతి, సంఖ్య అడంగల్‌లో, అంటే ఊరి భూమి, పంటల లెక్కల పుస్తకంలో, నమోదు చేయించి, కొట్టేనాడు ఆ నమోదునే అనుమతిగా పరిగణించండి. అడవి కాని భూముల్లో పెరిగే వెదురును కేంద్రం 2017లోనే అటవీ చట్టంలోని చెట్ల నిర్వచనం నుంచి తప్పించింది. 2014 నాటి జాతీయ వ్యవసాయ అటవీ విధానం చెప్పేదీ నిబంధనలు సడలించమనే. దొంగ కలపకు ఇది దారి అవుతుందన్న అధికారుల భయం, ఒడిశా సరిహద్దున ఉన్న మాకు తెలియనిది కాదు. కానీ నాటిననాడే లెక్కకెక్కిన తోటలో అడవి దుంగను కలపడం ఇప్పటికంటే కష్టమే అవుతుంది.

మరో సంగతి. రెండు మీటర్ల ఎడంతో ఎకరాకు సుమారు వెయ్యి టేకు మొక్కలు పడతాయి. సన్నవాటిని మధ్యమధ్య తీసేస్తేనే మిగిలినవి లావెక్కుతాయి. ఆ వాసాలకూ పర్మిటే అంటే ఎవరూ తీయరు, తోటంతా సన్నగా, పొడుగ్గా నిలబడిపోతుంది.

మా గట్టు మీద ఇంకా ఆరు చెట్లున్నాయి. పెద్దదాని చుట్టుకొలత ఛాతీ ఎత్తున 110 సెంటీమీటర్లు ఉంది. మరో పదేళ్లు ఉంచాలా, అక్టోబరు రాకముందే అమ్మేయాలా అన్నది మీ ఉత్తర్వును బట్టి తేల్చుకుంటాను.

ఇట్లు,
మందస మండల రైతు