‘మనవాడు’ అనడంతోనే తంటా

సంపాదకుడి గారికి,

కరీబియన్ దేశాలను ఏలిన భారత సంతతివాళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. గయానా మాజీ అధ్యక్షుడు ఛేదీ జగన్‌కు అందులో దక్కింది నాలుగు వాక్యాలు. ఆ నాలుగింటిలోనే రెండుసార్లు ‘మనవాడు’ అన్నారు. (జగన్ అనగానే మనకు గుర్తొచ్చేవాళ్లు వేరు, అక్కడ అది ఇంటిపేరు.) నా పేచీ ఆ మాటతోనే.

చుట్టరికం లేదని కాదు. 1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ గయానా చెరకు తోటలకు మన దేశం నుంచి దాదాపు 2,39,000 మంది కూలీలు వెళ్లారు. వాళ్లలో మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లు 15,000 దాకా ఉంటారు. తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు, అక్కడికి వెళ్లాక అందరూ ‘మద్రాసీ’లే అయిపోయారు. జగన్ అమ్మానాన్నలది ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లా, పసితనంలోనే ఓడెక్కినవాళ్లు. ఆయన 1918లో పోర్ట్ మౌరాంట్ తోటలో పుట్టారు. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఆ ఊరు తెలిసే ఉంటుంది, రోహన్ కన్హాయ్‌ది అదే ఊరు.

అమెరికాలో పళ్ల డాక్టర్ చదువు పూర్తి చేసి, షికాగో అమ్మాయి జానెట్‌ను పెళ్లి చేసుకుని 1943లో జగన్ ఇంటికి తిరిగొచ్చారు. 1948లో ఎన్మోర్ తోటలో సమ్మె చేస్తున్న కూలీల మీద పోలీసులు కాల్పులు జరిపి ఐదుగుర్ని చంపారు. ఆ తర్వాత రాజకీయమే ఆయన బతుకైంది. 1950లో ఆయన పెట్టిన పార్టీలో ఆఫ్రికన్ సంతతి లాయర్ ఫోర్బ్స్ బర్నమ్ రెండో పెద్ద నాయకుడు. తోటల్లోని భారతీయులు, పట్నంలోని నల్లజాతివాళ్లు కలిసి ఓటేస్తే 1953లో ఆ పార్టీ 24 సీట్లలో 18 గెలిచింది. 133 రోజులకే చర్చిల్ ప్రభుత్వం కమ్యూనిస్టుల బూచి చూపించి సైన్యాన్ని దింపి, రాజ్యాంగాన్నే పక్కన పెట్టింది. జగన్ మరుసటి ఏడాది జైలుకెళ్లారు.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. 1955లో బర్నమ్ విడిపోయారు. 1957 ఎన్నికల్లో ‘అపన్ జాత్’ అన్న నినాదం ఊళ్లకు పాకింది. అంటే మన జాతివాడికే మన ఓటు. ‘మనవాడు’కి ఇది భోజ్‌పురీ తర్జుమా, అంతే! దాన్ని జగన్ గట్టిగా ఆపలేదని నా అభిప్రాయం, ఆ ఓట్లతోనే గెలిచారు కూడా. మాస్కో మీద మోజు కూడా ఆయన కడదాకా దాచుకోలేదు.

1961లో మళ్లీ గెలిచి, వైట్‌హౌస్‌లో కెన్నెడీని కలిసి సాయం అడిగారు. సాయం రాలేదు సరికదా, 1963లో 80 రోజుల సమ్మె వెనక సీఐఏ డబ్బు పనిచేసింది. 1964లో రెండు జాతులు ఒకరినొకరు నరుక్కున్నాయి, 150 మందికి పైగా చచ్చిపోయారు. ఈలోగా లండన్ ఎన్నికల పద్ధతినే మార్చేసింది. అంతకుముందు మన దగ్గరలాగే నియోజకవర్గానికి ఒకరు గెలిచేవాళ్లు. దాన్ని తీసేసి, ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు అన్నారు. జగన్ పార్టీకి దాదాపు 46 శాతం ఓట్లు, 53లో 24 సీట్లు వచ్చాయి. అందరికంటే ఎక్కువే. అయినా 22 సీట్ల బర్నమ్, 7 సీట్ల ఇంకో పార్టీ కలిసి గద్దెనెక్కాయి. జగన్ దిగనంటే దింపడానికి రాజ్యాంగ ఉత్తర్వు కూడా లండన్ నుంచే వచ్చింది.

ఆ తర్వాత 28 ఏళ్లు ప్రతిపక్షంలోనే. రిగ్గింగ్ మీద రిగ్గింగ్. 1992లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ వచ్చి పరిశీలకుడిగా కూర్చున్నాక గానీ సరైన ఎన్నిక జరగలేదు. 74 ఏళ్ల వయసులో అధ్యక్షుడయ్యేసరికి చేతికొచ్చింది 200 కోట్ల డాలర్లు దాటిన అప్పు. ఖజానాకు వచ్చినదాంట్లో పెద్ద భాగం వాయిదాలకే పోయేది. 1996లో పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన దేశాల కూటమి) దగ్గర అందులో కొంత భాగం మాఫీ చేయించుకున్నారు. ప్రధానమంత్రిగా ఆఫ్రికన్ సంతతి ఇంజనీరు శామ్యూల్ హైండ్స్‌ను పెట్టుకున్నారు. 1953 పొత్తును మళ్లీ అతికించాలని చూశారని నేననుకుంటాను. గుండెపోటు ఆయనకు ఐదేళ్లు కూడా ఇవ్వలేదు, 1997 మార్చి 6న వాషింగ్టన్ ఆస్పత్రిలో పోయారు. హైండ్స్ అధ్యక్షుడయ్యారు.

అదే ఏడాది డిసెంబరులో గయానా ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షురాలు జానెట్ జగన్. షికాగో యూదు కుటుంబంలో పుట్టిన ఆమె అప్పటికి యాభై ఏళ్లకు పైగా ఆ దేశ రాజకీయాల్లో ఉన్నారు, జగన్ పార్టీ పెట్టినవాళ్లలో ఒకరు కూడా. మీ వ్యాసంలో ఆమె పేరే లేదు. ఆమె మనమ్మాయి కాదు కదా మరి!

ఇట్లు,
రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, తెనాలి