ఛాందసం వేరు, సంప్రదాయవాదం వేరు, కాస్త చూసి వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం ఎడిట్ పేజీలో కన్జర్వేటివ్ రాజకీయాల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామని కూర్చున్నా, కోపంలో ఏదో ఒకటి అనేస్తానని ఆగాను, వారం తిరిగినా కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. కన్జర్వేటిజం, అంటే ఉన్నదాన్ని కాపాడుకుంటూ చూసి నెమ్మదిగా మార్చుకుందాం అనే ఆలోచన, అదంతా మార్పంటే గిట్టని ఛాందసమే అన్నట్టు ఆ వ్యాసం సాగింది. కన్జర్వేటిజం అనే ఒక్క మాటకి హెడ్డింగులో సంప్రదాయవాదం అన్నారు, మధ్యలో మితవాదం అన్నారు, చివరికొచ్చేసరికి ఛాందసవాదం అయిపోయింది. ఈ మూడూ ఒకటేనా అండీ? మితవాదులంటే మేం స్కూల్లో చదువుకున్నది కాంగ్రెస్ తొలి రోజుల నాయకులు గోఖలే, దాదాభాయ్ నౌరోజీ వాళ్ల గురించి. ఛాందసం అంటే ఎవరు చెప్పినా వినను, ఉన్నదాంట్లో అక్షరం కూడా మార్చనివ్వను అనే మొండితనం. కన్జర్వేటివ్ ఆలోచన నచ్చకపోతే తిట్టండి, తప్పేం లేదు, కానీ దేన్ని తిడుతున్నారో తెలుసుకుని తిట్టాలి కదా.

కన్జర్వేటివ్ ఆలోచనకి మూలపురుషుడని చెప్పుకునే పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్‌ని మీ రచయిత మార్పంటే గిట్టని మనిషని ఒక్క లైన్లో తేల్చేశారు. ఆయన 1775లో పార్లమెంటులో నిలబడి అమెరికా వలసల మీద పన్నుల కోసం పంతానికి పోవద్దు, వాళ్లతో రాజీపడండి అని సొంత దేశం ప్రభుత్వంతోనే వాదించాడు. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ పాలన చేసిన అన్యాయాల మీద ఇక్కడ గవర్నర్ జనరల్‌గా చేసిన వారెన్ హేస్టింగ్స్‌ని బోనెక్కించడానికి ముందు నిలబడింది కూడా ఆయనే, ఆ విచారణ 1788లో మొదలై ఏడేళ్లు నడిచింది, 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు, అది వేరే సంగతి. దేశం మారితే నీతి మారదని అంతకాలం వాదించిన మనిషి ఛాందసుడా? ఫ్రాన్స్ విప్లవం మీద ఆయన పుస్తకం 1790లో వచ్చింది, అప్పటికి రాజు తల ఇంకా తెగలేదు, తలలు నరికే గిలటిన్ యంత్రం పని మొదలే కాలేదు. ఉన్న వ్యవస్థలన్నీ ఒకేసారి కూలగొడితే చివరికి అధికారం సైన్యాన్ని చేతిలో పెట్టుకున్న ఒక జనరల్ దగ్గరికి పోతుందని అప్పుడే రాశాడు. 1799లో నెపోలియన్ వచ్చాడు. అది చూడ్డానికి బర్క్ లేడు, 1797లోనే పోయాడు. అదే పుస్తకంలో, మారే దారి లేని రాజ్యానికి తనను తాను నిలబెట్టుకునే దారీ ఉండదని కూడా రాశాడు. మీ వ్యాసంలో ఈ ముక్క లేదు, ఉంటే ఛాందసవాదం అన్న మాట వాడలేరు.

ఫ్రాన్స్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా. 1793లో అక్కడ క్యాలెండర్ మార్చి వారానికి పది రోజులు చేశారు. నెలకి మూడు వారాలు, ప్రతి నెలా ముప్పై రోజులే, మిగిలిన ఐదారు రోజులు ఏడాది చివర్లో విడిగా. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికేం లేదు. కానీ ఏడో రోజు నడుం వాల్చే కూలివాడికి ఇప్పుడు పదో రోజు దాకా సెలవు లేదు, సంతలు జరిగే రోజులు తారుమారు, చర్చికి వెళ్లే ఆదివారం లెక్కలోనే లేదు. ఈ మార్పు నీకు పనికొస్తుందా అని వాణ్ని అడిగినవాళ్లు ఎవరూ లేరు. పన్నెండేళ్లు ఈడ్చి ఈడ్చి 1806 జనవరి 1 నుంచి పాత క్యాలెండర్‌కే వచ్చేశారు. అదే కాలంలో తెచ్చిన మీటరు మాత్రం నిలిచింది, అది నేను ఒప్పుకుంటా, ఊరికో కొలత ఉన్నచోట అది నిజంగా అవసరం. అది కూడా వెంటనే కాదు, 1812లో పాత పేర్లతో కొలతలు వాడుకోమని వెనక్కి తగ్గారు, 1840 నుంచి గానీ మీటరు మళ్లీ తప్పనిసరి కాలేదు. మంచి మార్పుకే అన్నేళ్లు పట్టింది.

నేను ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాను, ఏ ఆఫీసో అనవసరం. మా దరఖాస్తు ఫారంలో చివర ఒక కాలమ్ ఉండేది, ఇంతకుముందు ఇచ్చిన దరఖాస్తు నంబరు రాయాలి. కొత్తగా వచ్చిన ఆఫీసర్ గారు ఇది దేనికి, దండగ, తీసేయండి అన్నారు. ఎందుకుందో ఎవర్నీ అడగలేదు, అడిగితే సీనియర్ సూపరింటెండెంట్ గారు రెండు నిమిషాల్లో చెప్పేవారు. ఆర్నెల్లు తిరక్కుండానే ఒక సీట్లో తిరస్కరించిన దరఖాస్తు ఇంకో సీట్లో మంజూరైపోతోంది, ఒకే మనిషి పేరు మీద రెండు ఫైళ్లు, ఆడిట్ వాళ్లు వచ్చి కూర్చున్నారు. ఆ ఆఫీసర్ గారు అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయారు, సంజాయిషీ రాసుకుంది మేము. ఒకదాన్ని తీసేసే ముందు అదెందుకు పెట్టారో కనుక్కోండి అన్నదే కదా కన్జర్వేటివ్‌లు చెప్పేది, అర్థం కానంత పెద్ద సిద్ధాంతమేం కాదు.

అయితే ఆ పేరు పెట్టుకున్న పార్టీలు దాన్ని పాటించాయా అంటే లేదు. బ్రిటన్‌లో ప్రధాని మార్గరెట్ థాచర్ నడిపిన కన్జర్వేటివ్ పార్టీ ప్రభుత్వం ఇంటి విలువని బట్టి వేసే స్థానిక పన్ను తీసేసి తలకింత అని పోల్ టాక్స్ పెట్టింది, 1989లో స్కాట్లండ్‌లో, మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో. ఒకే కౌన్సిల్ కింద బంగ్లాలో ఉన్నవాడికీ ఇరుకు గదిలో ఉన్నవాడికీ ఒకటే రేటు, మరీ పేదవాళ్లకి తగ్గింపు ఇచ్చినా ఎంతోకొంత కట్టాల్సిందే. 1990 మార్చి 31న లండన్‌లో అల్లర్లయ్యాయి, నవంబరుకల్లా ఆమె పదవి పోయింది, 1993లో పన్నే పోయింది. తమ సిద్ధాంతాన్ని తామే చదవని పార్టీ అది. మీ రచయిత ఇది పట్టుకుని కొట్టి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ని.

ఇంకా గట్టి ప్రశ్న ఒకటుంది, అదీ అడగలేదు. నెమ్మదిగా మారుద్దాం అనే మాట ఎవరికి చెప్తున్నాం? బానిస వ్యాపారాన్ని, బానిసత్వాన్ని దశలవారీగా ఎత్తేయాలని బర్క్ 1780లోనే ఒక ముసాయిదా రాసుకున్నాడు, మంచిదే, కానీ సంకెళ్లలో ఉన్నవాడు ఆ దశలన్నీ అయ్యేదాకా ఎందుకు ఆగాలి? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అన్యాయం పాతదైనంత మాత్రాన దాన్ని కాపాడాల్సిన పని లేదని మాత్రం నమ్ముతాను, ఓటు హక్కు ఇంకా ఎక్కువమందికి ఇవ్వడాన్ని వ్యతిరేకించిన విషయంలో బర్క్ తప్పే అనుకుంటాను. అలాంటి చర్చ పెట్టాల్సిన పేజీలో పేర్లు పెట్టి తిట్టడం ఏంటండీ.

అసలు ఇప్పుడు ఏ పార్టీ వచ్చినా ఇదే వరస, అభివృద్ధివాదులమన్నవాళ్లూ అంతే, సంప్రదాయం కాపాడతామన్నవాళ్లూ అంతే. బిల్లు పొద్దున పెట్టి సాయంత్రానికి మూజువాణి ఓటుతో పాస్ చేయించడం, అభ్యంతరం చెప్పినవాణ్ని పాతకాలం మనిషని పక్కన పెట్టడం, గవర్నమెంటు మారగానే నడుస్తున్న పథకం పేరు మార్చడం, పని తెలిసినవాడు రిటైరైతే ఆ సీటు ఖాళీగా ఉంచేయడం. పత్రికలు కూడా అలాగే తయారయ్యాయి. ఒకప్పుడు డెస్క్‌లో ఒక పెద్దమనిషి ఉండి ఈ మాటకి ఈ అర్థం రాదు బాబూ అని కొట్టేసేవారు, ఇప్పుడు రాసింది రాసినట్టు వెళ్లిపోతోంది.

నా ఉత్తరం పూర్తిగా వేయకపోయినా ఫర్వాలేదు, చోటు తక్కువని నాకు తెలుసు. ఆ వ్యాసంలో ఛాందసవాదం అన్న మాట తప్పని మాత్రం అదే పేజీలో, అందరికీ కనపడేటట్టు ఒక సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు, ఒక రిటైర్డ్ ఉద్యోగి