ఇసుక ఒడ్డుకు సరే, బురద ఎక్కడికి?

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాది విశాఖపట్నం. మా నాన్న పోర్టు టగ్గు మీద, అంటే పెద్ద ఓడలను లాగే చిన్న ఓడ మీద, లస్కరుగా (డెక్కు మీద పనిచేసే నావికుడిగా) చేశారు. మా ఇంట్లో పొయ్యి వెలిగిందే ఆ జీతంతో. అందుకని డ్రెడ్జింగ్, అంటే ఓడల దారిలో పూడిక తీయడం, ఆపేయమని రాస్తున్నానని అనుకోకండి. పూడిక తీయకపోతే ఓడ రాదు. నేను అడిగేది ఆ తీసిన దాని గురించి.

మా తీరం సంగతి మీ ఇంజనీర్లు చెప్పే ఉంటారు. నైరుతి గాలి మొదలైతే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. వదిలేస్తే ఓడల దారిలో మేట వేస్తుంది, అడ్డుకుంటే అవతల ఆర్‌కే బీచ్ కోసుకుపోతుంది. 1933లో పోర్టు మొదలైన రోజుల్లోనే ఆ ఇసుకకు అడ్డంగా రెండు పాత ఓడలను ముంచారు. అంత పాత గొడవ ఇది. ఇప్పుడు శాండ్ ట్రాప్‌లో, అంటే ఇసుకను పట్టేందుకు సముద్రం అడుగున తవ్విన గుంటలో, చేరిన ఇసుకను డ్రెడ్జర్‌ (పూడిక తీసే ఓడ)తో తోడి, గొట్టాల్లో బీచ్ మీద పోయిస్తున్నారు. మంచి పనే.

ఆ గొట్టం మూతి దగ్గర నిలబడి చూశాను. ముందు గుడగుడమని గాలి, ఆ తర్వాత బూడిదరంగు నీళ్ళు, వాటితో ఇసుక, పగిలిన గవ్వలు. కాకులు వాలతాయి, పిల్లలు గవ్వల కోసం ఎగబడతారు. కొన్నాళ్ళకు అల వచ్చి ఆ కొత్త ఇసుకను నిలువుగా కోస్తుంది. నడుమెత్తు గట్టు నిలబడుతుంది. ఒక ఫిబ్రవరి తెల్లవారుజామున అలాంటి గట్టు కింద తాబేలు జాడ కనపడింది. ట్రాక్టర్ టైరు అచ్చులా నీళ్ళలోంచి నేరుగా పైకి వచ్చి, గట్టు దాకా చేరి, దాని వెంటే ఇరవై అడుగులు పక్కకు నడిచి, తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోయింది. గుడ్లు పెట్టలేదు. అల కోసిన దానికి ఎవరిని అంటాం? కానీ ఒక పూట ట్రాక్టర్‌తో ఆ గట్టును వాలుగా సాపు చేయిస్తే తాబేలు పైకి ఎక్కేది. ఆ ఒక్క పూట పని కాంట్రాక్టులో రాసి ఉండాలి, అంతే.

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మా ఒడ్డుకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. ట్రాప్ నిండేది వానాకాలంలో. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు లోపల తోడేయడం మేలు. అవే తుఫాను నెలలని తెలుసు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ దిగింది మా నెత్తినే. అయినా ఖాళీ దొరికిన రోజులు చూసుకుని ముగించవచ్చు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో చేస్తే వలలకు అడ్డం రాదు కదా అని ఒకాయన నాతో వాదించారు. ఆ నిషేధం పెట్టిందే చేపలు గుడ్లు పెట్టే కాలమని. పడవలను ఒడ్డుకు కట్టించి డ్రెడ్జర్‌ను దింపితే మా జాలరిపేట వాళ్ళకు ఏం చెప్పాలి?

ఇసుక గురించి నాకంత టెన్షన్ లేదు. బురద గురించే.

లోపలి హార్బర్‌లోకి మేఘాద్రిగెడ్డ లాంటి గెడ్డలు ఊరి మురుగును, ఫ్యాక్టరీల నీళ్ళను తెస్తాయి. అక్కడ పేరుకునేది శుభ్రమైన ఇసుక కాదు. ఓడల అడుగున నాచు, గుల్ల పట్టకుండా పూసే టీబీటీ (తగరంతో చేసిన ఒక విష రసాయనం) రంగుల మీద అంతర్జాతీయ నిషేధం 2008లో అమల్లోకి వచ్చింది గానీ, అంతకు ముందు రాలింది ఆక్సిజన్ అందని బురదలో ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. భారలోహాలు కూడా సన్నటి మట్టినే పట్టుకుంటాయి. హాపర్ (డ్రెడ్జర్‌లో తోడింది నింపే తొట్టి) నిండాక డ్రెడ్జర్ పై నుంచి నీళ్ళను పొర్లిస్తారు, బరువైన ఇసుక లోపల మిగలాలని. ఇసుకకైతే ఫర్వాలేదు. బురద తోడేటప్పుడు ఆ పొర్లే నీళ్ళతో పోయేది సరిగ్గా ఆ సన్న మట్టే. అలాంటి చోట పొర్లించడం ఆపాలి. ట్రిప్పులు పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. పెరగనివ్వండి.

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌కు తర్వాత చేసిన సవరణ ప్రకారం, మొదటి అనుమతిలో చేరి ఉన్న నిర్వహణ డ్రెడ్జింగ్‌కు (ఉన్న లోతును నిలబెట్టేందుకు ఎప్పటికప్పుడు పూడిక తీయడానికి) మళ్ళీ అనుమతి అక్కర్లేదు. ఓడలు ఆగిపోకూడదు కాబట్టి ఆ వెసులుబాటు సబబే. దాని వల్ల జరిగేదేమిటంటే ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఎప్పుడు తవ్వుతున్నారో, ఎక్కడ పారబోస్తున్నారో వల వేసేవాడికి తెలియదు. 1976లో పుట్టిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఉన్నదీ మా ఊళ్ళోనే, పని తెలిసిన మనుషులకు కొదవ లేదు.

అందుకే అడుగుతున్నాను. తవ్వే ముందు ఆ మట్టిని పరీక్ష చేయించండి. ఫలితం, తేదీలు, పారబోసే చోటు ఒక్క కాగితం మీద తెలుగులో రాయించి, ఫిషింగ్ హార్బర్‌లో వేలం జరిగే చోట అంటించండి. వెబ్‌సైట్‌లో పెడితే మా వాళ్ళు చూడరు. వేలం దగ్గరైతే తెల్లవారుజామున నాలుగింటికే చదివేవాళ్ళు ఉంటారు.

ఇట్లు,
ఒక టగ్గు లస్కరు కొడుకు,
విశాఖపట్నం